అప్‌డేట్: పాప జుట్టు పొడిగానే కత్తిరించాను

మా పాపది బాగా ఉంగరాల జుట్టు, ఇంట్లోనే కత్తిరించాలంటే తడపాలా, పొడిగా ఉంచాలా అని అడిగాను కదా. ఓపిగ్గా చెప్పిన అందరికీ థాంక్స్.

పొడిగానే కత్తిరించాను, చాలా బాగా వచ్చింది. తడి జుట్టు లాగితే దాదాపు 30 శాతం దాకా సాగుతుంది, ఆరాక మళ్లీ ముడుచుకుంటుంది. ఉంగరాల జుట్టయితే ఇంకా పైకి పోతుంది. పైగా పాపకి కుడి చెవి వెనకాల రింగులు స్ప్రింగుల్లా బిగుతుగా, ఎడమవైపు వదులుగా ఉంటాయి. తడిపి సమానంగా కత్తిరిస్తే ఆరాక ఒకవైపు పొట్టిగా కనిపించేది. అందుకే ఒక్కో రింగునీ లాగకుండా, అది వేలాడుతున్న చోటే పట్టుకుని, చివర అర అంగుళం మాత్రమే తీశాను. టైమ్ పడుతుంది, పిల్లకి ఏదో ఒక కథ చెబుతూ ఉండాల్సిందే.

కత్తెర మాత్రం జుట్టుకోసం చేసిందే కొనండి. నేను బేగం బజార్లో తీసుకున్నాను. వంటింటి కత్తెర వెంట్రుకని నలిపేస్తుంది, చివర్లు చిట్లుతాయి. అసలే మా కూకట్‌పల్లిలో బోరు నీళ్లకి జుట్టు గరుకైపోతోంది.

మా అత్తయ్యగారిది సాఫు జుట్టు. ఆవిడకి మాత్రం కాస్త తడిపి, దువ్వి కత్తిరించాను, గీత తిన్నగా వచ్చింది. పాప నుదుటి మీది జుట్టు ఇంకా ముట్టుకోలేదు, దసరా సెలవుల్లో చూస్తాను. అదీ పొడిగానే.