పండగ ఆఫర్ మెయిల్స్ మన ఊరి క్యాలెండర్ చూసి పంపక్కర్లేదా?

ఎంవీపీ కాలనీ:
నవంబర్ వస్తే చాలు జాకెట్లు, స్వెట్టర్లు అని మెయిల్స్, లంబసింగి వెళ్తే తప్ప వైజాగ్‌లో అవెవరికండీ. అది వదిలేద్దాం. 2023లో అధిక శ్రావణం వచ్చింది కదా, అసలు (నిజ) శ్రావణానికి ముందు అదనంగా వచ్చే నెల, జూలై 18 నుంచి ఆగస్టు 16 దాకా, ఆ నెలంతా పెళ్లి ముహూర్తాలే లేవు, వరలక్ష్మీ వ్రతం ఆగస్టు 25న పడింది, కానీ ఓ పెద్ద షాపు నుంచి జూలై ఆఖర్లోనే శ్రావణం పట్టుచీరల ఆఫర్, రేపటితో లాస్ట్ అని. అధికంలో పెళ్లి బట్టలు తియ్యకూడదంది అమ్మ, నిజ శ్రావణం వచ్చేసరికి ఆఫర్ అయిపోయింది, ఫుల్ రేటుకి కొన్నాం. ఇది కస్టమర్‌కి నష్టం కాదా?

గాజువాక:
నేను బట్టల షాపు ఆన్‌లైన్ టీమ్‌లోనే చేస్తున్నానండి. మెయిల్స్ హెడ్డాఫీసులో ముందే షెడ్యూల్ అయిపోతాయి, అందరికీ ఒకటే లిస్టు, ఊరికో పంచాంగం చూడ్డం అయ్యే పని కాదు. జీమెయిల్‌కి రోజుకి 5000 పైన పంపేవాళ్లు ఒక్క క్లిక్‌తో అన్‌సబ్‌స్క్రైబ్ ఇవ్వాలని 2024లో గూగుల్ రూల్ పెట్టింది, నచ్చకపోతే నొక్కేయండి.

ఎంవీపీ కాలనీ:
నాకు ఆఫర్లు కావాలి బ్రో, టైముకి కావాలి! డెలివరీ కోసం పిన్‌కోడ్ తీసుకున్నారుగా, 530తో మొదలయ్యేవాళ్లకి వేరే డేట్లు పెట్టలేరా? మార్గశిర లక్ష్మివారాలకి బురుజుపేట అమ్మవారి గుడి దగ్గర ఇసకేస్తే రాలరు, ఇంట్లో పూజకి ఎంత కొంటామో, ఒక్క మెయిల్ రాదు. అక్షయ తృతీయ నాడు అప్పన్న నిజరూప దర్శనానికి సింహాచలం లైన్లో ఉంటే మాత్రం గంటగంటకీ బంగారం కొనమని.

పెదవాల్తేరు:
నాకు ఇప్పటికీ కోపం పోనిది 2014. అక్టోబర్ 12న హుద్‌హుద్ తుఫాను, 23న దీపావళి. వీధి నిండా పడిపోయిన చెట్లు, కరెంటు లేదు, నీళ్ల ట్యాంకర్ కోసం బిందెలు పట్టుకుని నిలబడ్డాం, ఎక్కడో చార్జింగ్ పెట్టుకుని సిగ్నల్ దొరగ్గానే చూస్తే సీరియల్ లైట్లు సగం ధరకే అని మెయిల్. ఏ టీవీ పెట్టినా వైజాగే అప్పుడు, తెలీదంటే నేను నమ్మను. ఆ కాస్త మనసు లేని షాపులో ఇప్పటిదాకా ఏమీ కొనలేదు. తుఫాను హెచ్చరిక కేంద్రం మన ఊళ్లోనే ఉంది, అలర్టులు ముందే ఇస్తారు, అది చూసి ఆ జిల్లాల వరకైనా ఆపొచ్చుగా.

గాజువాక:
తుఫాను సంగతి నిజమేనండి. కొన్ని పిన్‌కోడ్‌ల వాళ్లని తీసేసి మిగతావాళ్లకి పంపే ఆప్షన్ మా సాఫ్ట్‌వేర్‌లో ఉంది, ఎవరూ వాడట్లేదు. మాసాల గురించి మాత్రం హెడ్డాఫీసు వినదు.

ఎంవీపీ కాలనీ:
అయితే ముందు అదొక్కటి మీ మేనేజర్‌తో మాట్లాడండి, అక్టోబర్ తుఫాన్లు మొదలయ్యేలోపు. అధిక మాసం గొడవ నేను వాళ్ల కస్టమర్ కేర్‌కి రాస్తా, మీరందరూ కూడా రాయండి.