సూట్‌కేసులో పూల దుంపలు తేవచ్చా?

మేడతోట, హైదరాబాద్:
వచ్చే నెల మా అక్క న్యూజెర్సీ నుంచి వస్తోంది. పాపిలియో దుంపలు రెండు సూట్‌కేసులో వేసుకొస్తానంది. లిల్లీలా పూసే హిప్పియాస్ట్రమ్‌లో ఒక రకం అది, బ్రెజిల్ మొక్క. లేతాకుపచ్చ రేకుల మీద ముదురు మెరూన్ చారలు, రెక్కలు విప్పిన సీతాకోకచిలుకలా ఉంటుంది. ఆరేళ్లుగా వెతుకుతున్నాను. ఇక్కడ అదే పేరు చెప్పి అమ్మినది కొంటే మామూలు ఎర్ర లిల్లీ పూసింది. కాగితాలు లేకుండా తేవడం తప్పని బావగారు అంటున్నారు. రెండు దుంపలతో ఏమవుతుంది?

గోదారి గట్టు:
వద్దు తమ్ముడూ. మాకు అంబాజీపేట దగ్గర రెండెకరాల కొబ్బరి ఉంది. 2016లో పొల్లాచ్చి వైపు కనిపించిన సర్పిలాకార తెల్లదోమ ఆ తరవాత మా తోటలకూ చేరింది. దాని సొంత ఊరు మధ్య అమెరికా. కొబ్బరాకు అడుగున సుడులు సుడులుగా గుడ్లు పెడుతుంది. పైనుంచి తేనెలాంటి బంక కారి, కింద ఉన్న జామ, అరటి, చివరికి మా అమ్మ పెంచుకున్న మందార కూడా మసి పట్టి నల్లబడిపోయాయి. మొదటి ఏడాది టెన్షన్‌తో దొరికిన మందల్లా కొట్టించాం. మిత్ర పురుగులు పోయాయి, దోమ మాత్రం మళ్లీ పెరిగింది. ఉద్యాన పరిశోధన కేంద్రం వాళ్లు చెప్పాక మందులు ఆపాం. దోమ పిల్లల్లో గుడ్లు పెట్టే ఎన్‌కార్సియా అనే చిన్న పరాన్నజీవి అప్పుడు నిలదొక్కుకుంది. మేడ మీద మొదలైంది మేడ మీదే ఆగదు.

కేసరి పూలు:
అన్నగారి బాధ అర్థమైంది, కానీ ఆ దోమ ఎవరో పూలమొక్కల వాడి సూట్‌కేసులో వచ్చిందని ఎవరు చెప్పగలరు? పెద్ద ఎత్తున మొక్కలు కదిలేది వ్యాపారంలో. ఒక్క లారీ నర్సరీ మొక్కల ఆకుల కింద ఎన్ని గుడ్లు ఉంటాయో ఊహించండి. మట్టి లేకుండా, వేర్లు కత్తిరించి, ఆరబెట్టిన దుంప వేరు, ఆకులతో ఉన్న మొక్క వేరు. ఇంకో మాట. పెళ్లి దండల్లో మనం లిల్లీ అని వాడే నేలసంపెంగ మెక్సికోది. వాన పడగానే పూసే రెయిన్ లిల్లీలూ అమెరికా ఖండాలవే. బయటి దుంప రాకూడదంటే మన తోటల్లో సగం ఖాళీ అవుతుంది.

మొక్కల డాక్టర్:
బయటి దుంప రాకూడదని ఎవరూ అనడం లేదు, తనిఖీ లేకుండా రాకూడదు. 2003 నాటి మొక్కల క్వారంటైన్ ఉత్తర్వు ప్రకారం, నాటే దుంపలకు దిగుమతి పర్మిట్ తీసుకోవాలి, పంపే దేశం ఇచ్చే ఆరోగ్య ధ్రువపత్రం ఉండాలి. ఇక ఆరిన దుంప సురక్షితమన్న మాట తప్పు. నార్సిసస్ అనే దుంప పూలమొక్క పేరుతో నార్సిసస్ ఈగ అని ఒకటుంది, తుమ్మెదలా కనిపిస్తుంది. దాని పురుగు దుంప అడుగునుంచి దూరి మధ్య గుజ్జంతా తింటూ నెలల తరబడి లోపలే ఉంటుంది. హిప్పియాస్ట్రమ్‌నూ వదలదు. పైన పొర చెక్కుచెదరదు. దుంపకు పట్టే నల్లులు, నులిపురుగులు కూడా అంతే.

కేసరి పూలు:
వేడినీళ్ల చికిత్స ఉందిగా?

మొక్కల డాక్టర్:
ఉంది. నార్సిసస్ దుంపల్ని నులిపురుగు కోసం సుమారు 44 డిగ్రీల నీళ్లలో మూడు గంటలు ఉంచుతారు. ఒకటి రెండు డిగ్రీలు తగ్గితే పురుగు బతుకుతుంది, పెరిగితే దుంప ఉడుకుతుంది. ఇంట్లో గ్యాస్ పొయ్యి మీద మూడు గంటలు ఆ వేడి నిలపడం కుదరదు.

బోస్టన్ పెరడు:
ఇక్కడి అనుభవం చెబుతాను. 1992లో మా పక్కనే ఉన్న కేంబ్రిడ్జ్‌లో లిల్లీలను తినే ఎర్ర పెంకు పురుగు కనిపించింది. ఇప్పటికీ ప్రతి వసంతంలో పొద్దున్నే లేచి ఒక్కొక్కటే ఏరి సబ్బు నీళ్లలో వేస్తున్నాను. దాని పిల్ల పురుగు తన మలాన్నే వీపు మీద మోస్తుంది, చేత్తో తీయాలంటే కడుపులో తిప్పుతుంది. 1999 నుంచి రోడ్ ఐలండ్ విశ్వవిద్యాలయం వాళ్లు యూరప్‌ నుంచి తెచ్చిన, ఆ పిల్ల పురుగుల్లో గుడ్లు పెట్టే చిన్న కందిరీగల్ని వదిలాక చాలాచోట్ల తగ్గింది. నాకెంతో ఇష్టమైన ఫ్రిటిల్లారియా పూలమొక్కల్ని కూడా అది తినేస్తుంటే ఇక వేయడం మానేశాను.

మేడతోట, హైదరాబాద్:
ఒక విషయం దాచాను, క్షమించండి. అక్క పోయినేడాదే ఒక దుంప తెచ్చింది. నాలుగు ఆకులు వేసి ఆగిపోయింది. ఇవి చదివి ఇప్పుడే మెడ దగ్గర నొక్కి చూశాను, మెత్తగా దిగబడింది. ఏం చేయాలి?

మొక్కల డాక్టర్:
కుండీ మొత్తం ప్లాస్టిక్ కవర్‌లో కట్టి మిగతావాటికి దూరంగా పెట్టండి. దుంపను కవర్‌లోనే నిలువుగా కోయండి. పురుగు కనిపిస్తే ఫొటో తీసి దగ్గరలోని వ్యవసాయ విశ్వవిద్యాలయం కీటక విభాగానికి చూపించండి. కంపోస్టులో మాత్రం వేయొద్దు.

మేడతోట, హైదరాబాద్:
కోశాను. మధ్యలో గోధుమ రంగు గుల్ల, అడుగున పెన్సిల్ దూరేంత రంధ్రం ఉన్నాయి. పురుగు లేదు. బయటికి వెళ్లిపోయిందో, అసలు లేదో తెలియడం లేదు. అక్కకు ఫోన్ చేసి దుంపలు వద్దన్నాను.

గోదారి గట్టు:
పెన్సిల్ దూరే రంధ్రమంటే వదిలేయడానికి లేదు తమ్ముడూ. ఆ మట్టి వేరే కుండీలో పోయకు, ఉడుకు నీళ్లు పోసి చల్లారేదాకా మూసి ఉంచు. పక్కన లిల్లీ కుండీలేమైనా ఉన్నాయా? ఒక్కోదాని మెడ నొక్కి చూసి రాత్రికి చెప్పు, మేలుకునే ఉంటాను.