కరెంటు పోతే పాప కెమెరా ఆగిపోతోంది, ఏం చెయ్యాలి?

నమస్తే అండి. మాది పర్లాకిమిడి. పాపకి ఐదో నెల. నేను ఆఫీసుకి వెళ్లాక మా అత్తమ్మే చూసుకుంటారు. పాప మేడ మీద చీర ఉయ్యాల్లో పడుకుంటుంది, ఆవిడకి కింద వంటింట్లో పని. అందుకే వైఫై కెమెరా కొన్నాం.

మొదట కనెక్టే అవ్వలేదు. ఆ కెమెరా 2.4 గిగాహెర్ట్జ్ వైఫై బ్యాండ్ మీదే పనిచేస్తుంది, మా ఫోనేమో 5 గిగాహెర్ట్జ్ మీద ఉంది. అది మార్చాక వచ్చింది. వైరు పాప చేతికి అందకుండా 3 అడుగుల పైనే దూరంగా గోడకి బిగించాం, పాస్‌వర్డ్ కూడా మార్చాం.

అసలు బాధ కరెంటుతో. ఇన్వర్టర్ మీద ఫ్యాన్లు తిరుగుతాయి గానీ రౌటర్ ప్లగ్గుకి ఆ లైను లేదు. రౌటర్ ఆగితే ఫోన్‌లో పాత బొమ్మే నిలిచిపోతుంది. మొన్న అది చూసి పాప నిద్రపోతోందనే అనుకున్నారు అత్తమ్మ. పైకెళ్లేసరికి ఏడ్చి ఏడ్చి గొంతు బొంగురుపోయింది. అప్పట్నుంచి నాకు ఒకటే టెన్షన్.

రౌటర్‌కి మినీ యూపీఎస్ (కరెంటు పోయినా నడిపే చిన్న బ్యాటరీ డబ్బా) పెడితే చాలా? కెమెరాకీ వేరేది కావాలా? లేక వైఫై అక్కర్లేని, సొంత తెర, బ్యాటరీ ఉన్న మానిటర్ కొనాలా? అత్తమ్మకి తెలుగు, ఒడియా తప్ప రావు, ఇంగ్లీషు యాప్‌తో ఇబ్బంది పడుతున్నారు. ఆవిడకి తెరే సులువనిపిస్తోంది. కానీ స్లాబు దాటి కిందకి సిగ్నల్ వస్తుందా? వాడినవాళ్లు దయచేసి చెప్పండి.