స్వయంగా అల్లిక నేర్చుకున్నవారు తరగతిలో చేరితే తమ పద్ధతిని మార్చుకోవాలా?

ఊలుబంతి:
మా అక్క యూట్యూబ్ చూసి అల్లిక నేర్చుకుంది. కొన్నేళ్లుగా మఫ్లర్లు, టోపీలు అల్లుతూనే ఉన్నా, తరగతికి వెళ్లడం మాత్రం ఇదే మొదటిసారి. తను ఊలును ఎడమచేత్తో పట్టుకుంటుంది, అల్లికలో ప్రాథమికమైన నిట్ కుట్టును వెనుకవైపు నుంచి తీస్తుంది. అది చూసిన టీచరుగారు అంతా తప్పని, మొదటినుంచి మళ్లీ నేర్చుకోవాలని చెప్పారు. ఆమె మాట పాటించడం న్యాయమేనా?

సూదులజత:
న్యాయం కాదని నా దృఢమైన అభిప్రాయం, ఎందుకంటే ఇక్కడ రెండు వేర్వేరు విషయాలను ఒకటిగా కలిపేశారు. ఊలును ఏ చేత్తో పట్టుకోవాలన్నది అలవాటుకు సంబంధించిన విషయం. పోర్చుగల్‌లో ఊలును మెడ చుట్టూ తిప్పుకుని అల్లుతారు. షెట్లాండ్ దీవుల్లో నడుముకు కట్టిన తోలుపట్టీలో ఒక సూదిని గుచ్చి నిలబెట్టుకుంటారు. ఇంగ్లండులో 1910లో పుట్టి అమెరికాలో స్థిరపడిన ఎలిజబెత్ జిమ్మర్‌మన్ వంటి అల్లిక గురువు ఎడమచేతి పద్ధతినే ఇష్టపడ్డారు.

వెనుకవైపు నుంచి తీయడం మాత్రం పరీక్షించి చూడవలసిన విషయమే. పర్ల్ వరుసలో, అంటే ముక్కను తిప్పి వెనుకవైపు నుంచి అల్లే వరుసలో, ఊలును మామూలుకు ఎదురు దిశలో చుట్టేవారికి కుట్టు సూదిమీద తిరగబడి కూర్చుంటుంది కనుక, తరువాతి వరుసలో దానిని వెనుకనుంచి తీయడమే సరైన పని. అల్లిక ఏమాత్రం మెలిపడదు. అయితే అదే మనిషి టోపీని గుండ్రంగా అల్లినప్పుడు పర్ల్ వరుసలే ఉండవు, కుట్లన్నీ మామూలుగానే కూర్చుంటాయి, అలవాటు కొద్దీ వెనుకనుంచి తీస్తే ప్రతి కుట్టూ మెలిపడి టోపీ బిగుసుకుపోతుంది. మీ అక్కగారి మఫ్లరు మెత్తగా సాగుతూ, టోపీ మాత్రం గట్టిగా ఉంటే కారణం బహుశా ఇదే. దీనికి మందు చేతివాటాన్ని మార్చడం కాదు, కుట్టు సూదిమీద ఎలా కూర్చుందో చూసి, ముందున్న పాయలోంచి తీయాలా వెనుక పాయలోంచి తీయాలా అన్నది నిర్ణయించుకోవడం. తరగతిలో ముందుగా నేర్పవలసింది అదేనని నేను నమ్ముతాను.

వారాంతపు టీచర్:
సూదులజతగారు చెప్పిన సాంకేతిక వివరం నిజమే, కానీ ఇరవైమంది కూర్చున్న గదిలో ఒక్కొక్కరి చేతికీ ఒక్కో పాఠం చెప్పడం సాధ్యం కాదు. పైగా ఇంగ్లీషులో అచ్చయ్యే నమూనాల్లో ఎక్కువభాగం కుట్టు మామూలు పద్ధతిలో కూర్చుంటుందన్న లెక్కతోనే రాస్తారు. రెండు కుట్లను కలిపి ఒకటి చేయమన్నప్పుడు, ఆమె అలవాటు ప్రకారం వెనుకనుంచి కలిపితే కుడికి వాలవలసిన తగ్గింపు ఎడమకు వాలుతుంది. స్వెటరు మెడ దగ్గర ఆ తేడా స్పష్టంగా కనిపిస్తుంది. ప్రామాణిక పద్ధతి ఒకటి వచ్చి ఉంటే ఈ చిక్కు ఉండదు.

సూదులజత:
తగ్గింపుల విషయంలో మీతో పూర్తిగా ఏకీభవిస్తున్నాను, కానీ ఆ రెండు కుట్లను మాత్రమే సూదిమీద తిప్పి పెట్టుకుని ముందునుంచి కలిపితే వాలు సరిపోతుంది. దానికోసం మిగిలిన అల్లికనంతా మార్చుకోనక్కరలేదు. ఊలుబంతిగారూ, మీ అక్కగారిని ఒకే ఊలుతో, ఒకే సూదులతో రెండు చిన్న ముక్కలు అల్లమనండి, ఒకటి అటూ ఇటూ తిప్పుతూ, రెండోది గుండ్రంగా. రెండింటినీ తడిపి ఆరబెట్టి, పది సెంటీమీటర్లకు ఎన్ని కుట్లు వచ్చాయో లెక్కపెట్టి, వచ్చేవారం టీచరుగారి ముందు పెట్టమనండి.