42 ఆటల్లో 67 గోల్స్ కొట్టిన ఆర్చీ స్టార్క్ మొదటి ప్రపంచ కప్‌కు ఎందుకు వెళ్ళలేదు?

ప్రశ్న: గచ్చుమైదానం

మా అబ్బాయి బడి జట్టులో సెంటర్ ఫార్వర్డ్. ఒకే సీజన్‌లో ఎక్కువ లీగ్ గోల్స్ కొట్టినవాళ్ళ పట్టిక ఒకటి వాడూ నేనూ కలిసి రాస్తున్నాం. మెస్సీ 2011–12లో స్పెయిన్‌లో 50 కొట్టాడు. ఎవర్టన్‌కు ఆడిన డిక్సీ డీన్ 1927–28లో 39 ఆటల్లో 60. అదే ఏడాది స్కాట్లండ్ రెండో డివిజన్‌లో జిమ్మీ స్మిత్ 38 ఆటల్లో 66. ఇక్కడితో అయిపోయింది అనుకుంటుండగా వీళ్ళందరి పైన ఇంకో పేరు కనబడింది. ఆర్చీ స్టార్క్, బెత్లెహేమ్ స్టీల్ జట్టు, 1924–25, 67 గోల్స్. అదీ అమెరికాలో!

నావి రెండు సందేహాలు. ఆ 67ను డీన్ పేరు పక్కన రాయవచ్చా, లేక అది బలహీనమైన లీగా? రెండోది మా అబ్బాయి అడిగాడు. 1930లో ఉరుగ్వేలో జరిగిన మొదటి ప్రపంచ కప్‌లో అమెరికా సెమీఫైనల్ దాకా వెళ్ళింది కదా, ఆ జట్టులో ఈయన పేరు ఎందుకు లేదు? దెబ్బ తగిలిందా? జట్టుతో గొడవపడ్డాడా? తెలిసినవారు చెప్పండి.

జవాబు: పసాయిక్ ఒడ్డు

67ను నిస్సంకోచంగా రాయండి. ఎందుకో చెప్పాలంటే నేను దారపు ఉండల దగ్గర మొదలుపెట్టాలి. కొంచెం ఓపిక పట్టండి.

మా అమ్మ తెనాలిలో బట్టలు కుట్టేది. యాంకర్ దారాల పెట్టె మీద లంగరు బొమ్మ చూస్తూ పెరిగాను. ఇప్పుడు నేనుండేది న్యూజెర్సీలో. మా అమ్మాయి ఫుట్‌బాల్ సాధనకు శనివారం శనివారం కెర్నీ అనే ఊరికి తీసుకువెళతాను. ఒకరోజు మైదానం పక్క బెంచీ మీద కూర్చున్న ఒక పెద్దాయన, స్కాట్లండ్ మూలాలున్నవాడు, ఈ ఊళ్ళో అందరూ ఫుట్‌బాల్ ఎందుకు ఆడతారో తెలుసా అని అడిగాడు. నాకు తెలియదన్నాను. నది వైపు చెయ్యి చూపించి, "దారం" అన్నాడు.

స్కాట్లండ్‌లోని పెయిస్లీ నుంచి క్లార్క్ కంపెనీ ఇక్కడికి వచ్చి పసాయిక్ నది ఒడ్డున దారం మిల్లులు పెట్టింది. పని తెలిసిన కార్మికులను అక్కడినుంచే రప్పించుకుంది. వాళ్ళతో పాటు వాళ్ళ ఆటా వచ్చింది. మిల్లు జట్టుకు ఓఎన్‌టీ అని పేరు. కంపెనీ అమ్మే దారం పేరే అది. ఆ జట్టు 1885 నుంచి వరుసగా మూడేళ్ళు అమెరికన్ కప్ గెలిచింది. ఆ క్లార్క్ వాళ్ళదే మా అమ్మ పెట్టె మీది లంగరు గుర్తు. అది తెలిసిన రోజు రాత్రి నేను అమ్మకు ఫోన్ చేసి గంటసేపు ఇదే మాట్లాడాను.

స్టార్క్ పెరిగింది ఆ ఊళ్ళో. 1897 డిసెంబరులో గ్లాస్గోలో పుట్టాడు. చిన్నతనంలోనే ఇంటివాళ్ళతో కెర్నీ చేరాడు. మీసం రాకముందే స్కాటిష్ అమెరికన్స్ అనే స్థానిక జట్టులో పెద్దవాళ్ళతో కలిసి ఆడాడు. 1915లో ఆ జట్టు అమెరికన్ కప్ ఫైనల్‌లో బ్రూక్లిన్ సెల్టిక్‌ను 1–0తో ఓడించింది. ఆ ఒక్క గోల్ పదిహేడేళ్ళ స్టార్క్‌ది. కాబట్టి ఈయన స్కాట్లండ్‌లో పేరు తెచ్చుకుని డబ్బు కోసం వచ్చిన ఆటగాడు కాడు. వలస వచ్చిన ఇంటి పిల్లవాడు. ఆట నేర్చుకున్నదీ, ఎదిగిందీ ఇక్కడే. ఈ తేడా మీ అబ్బాయికి తప్పకుండా చెప్పండి.

మొదటి ప్రపంచ యుద్ధంలో సైన్యంతో ఫ్రాన్స్ వెళ్ళివచ్చాక, 1921లో అమెరికన్ సాకర్ లీగ్ మొదలైంది. స్టార్క్ న్యూయార్క్ ఫీల్డ్ క్లబ్‌లో చేరాడు. ఆ లీగులో జట్ల పేర్లు చదువుతుంటే కర్మాగారాల జాబితా చదువుతున్నట్టు ఉంటుంది. ఒకటి ఉక్కు కంపెనీది, ఒకటి ఓడల మరమ్మతు రేవుది, ఒకటి ఇంటి నేలకు చెక్క పరిచే కంపెనీది. పాటకెట్‌లో కోట్స్ దారం కంపెనీకి ఒక జట్టు ఉండేది, 1922–23లో లీగ్ గెలిచింది కూడా. మళ్ళీ దారమే! మిల్లులో కొలువు, మైదానంలో ఆట, రెండిటికీ కలిపి జీతం. స్కాట్లండ్‌లో పేరున్న ఆటగాళ్ళు కూడా ఓడ ఎక్కి వస్తుంటే అక్కడి క్లబ్బులు గగ్గోలు పెట్టాయి. బలహీనమైన లీగుకు అలా ఎవరూ రారు.

1924లో న్యూయార్క్ క్లబ్ చేతులు మారింది. స్టార్క్ పెన్సిల్వేనియాలోని బెత్లెహేమ్ స్టీల్‌కు వెళ్ళాడు. దేశంలో అంత పేరున్న జట్టు అప్పుడు ఇంకొకటి లేదు. అప్పటికే నాలుగుసార్లు జాతీయ కప్ గెలిచింది, 1919లో స్వీడన్, డెన్మార్క్ వెళ్ళి ఆడివచ్చింది. వెళ్ళిన మొదటి సీజన్‌లోనే 67 గోల్స్. ఇంతా చేస్తే ఆ ఏడాది లీగ్ గెలిచింది బెత్లెహేమ్ కాదు, ఫాల్ రివర్ మార్క్స్‌మెన్! రెండు జట్లూ ఎంత గట్టివో దీన్నిబట్టే ఊహించుకోండి. మసాచుసెట్స్‌లో ఆదివారం ఆటలకు చట్టం అడ్డొస్తుందని ఫాల్ రివర్ యజమాని సామ్ మార్క్ రాష్ట్ర సరిహద్దు దాటి, రోడ్ ఐలండ్ నేల మీద స్టేడియం కట్టించాడు. కార్మికుడికి సెలవు దొరికేది ఆ ఒక్క రోజే. జనం ఎవరో, వాళ్ళకు తీరిక ఎప్పుడో తెలిసిన మనిషి అతను.

ప్రపంచ కప్ సంగతి తర్వాత రాస్తాను. అమ్మాయిని తీసుకురావాలి.

జవాబు: పాత రిఫరీ

పై జవాబు బాగుంది. ఒక ముఖ్యమైన విషయం కలుపుతాను. నేను ఇరవై ఏళ్ళకు పైగా జిల్లా స్థాయిలో ఈల ఊదినవాణ్ణి, నా కళ్ళు ముందు నిబంధనల మీదికే పోతాయి.

గచ్చుమైదానం గారూ, మీ పట్టికలో డీన్, స్మిత్ ఇద్దరిదీ 1927–28. స్టార్క్‌ది 1924–25. ఈ రెండిటి మధ్యలో, 1925 వేసవిలో, ఆఫ్‌సైడ్ నిబంధన మారింది. అంతకుముందు బంతి అందించే క్షణంలో ముందున్న ఆటగాడికీ గోల్ గీతకూ మధ్య ప్రత్యర్థులు కనీసం ముగ్గురు ఉండాలి, లేకపోతే ఆఫ్‌సైడ్ అని ఈల ఊది ఆట ఆపేవారు. మారాక ఇద్దరుంటే చాలు. వినడానికి చిన్న మార్పే. పాత నిబంధనలో ఒక బ్యాక్, అంటే గోల్ కాపాడే వరస ఆటగాడు, వెనక కాపలా ఉంటే, రెండోవాడు ధీమాగా మైదానం మధ్యగీత దాకా వచ్చి నిలబడేవాడు. అంతే, ఫార్వర్డ్‌లందరూ ఆఫ్‌సైడ్. న్యూకాజిల్ బ్యాక్ బిల్ మెక్రాకెన్ ఇందులో ఆరితేరినవాడు. ఆటకు అడుగడుగునా ఈల అడ్డుపడుతుంటే నిబంధన మార్చక తప్పలేదు.

మార్చిన మొదటి ఏడాదే ఇంగ్లండ్ ఫుట్‌బాల్ లీగ్ నాలుగు విభాగాల్లో కలిపి గోల్స్ 4,700 నుంచి 6,373కు ఎగబాకాయి. అంటే డీన్, స్మిత్ తలుపు తెరిచాక లోపలికి వచ్చారు. స్టార్క్ మూసిన తలుపు తోసుకుని వచ్చాడు. డీన్‌ను తక్కువ చేసి అనడం లేదు, ఆయన తలతో కొట్టిన గోల్స్‌కు నేను ఇప్పటికీ దణ్ణం పెడతాను. కానీ ఆ పట్టికలో సంవత్సరం పక్కన "పాత ఆఫ్‌సైడ్" అని ఇంకో గడి గీయించండి. ఆ గడి లేకుండా ఈ అంకెలను పోల్చడం న్యాయం కాదు.

జవాబు: రెండో సగం

లీగ్ సంగతి ఒప్పుకుంటాను. ప్రపంచ కప్ జట్టు మీదే నాకు అనుమానం. 1930 అమెరికా జట్టంటే స్కాట్లండ్ వృత్తి ఆటగాళ్ళను జీతమిచ్చి తెచ్చి నింపిన జట్టని చాలాచోట్ల చదివాను. అంతమంది ఉండగా స్టార్క్‌ను అవసరం లేదని వదిలేసి ఉండవచ్చు కదా? అప్పటికి వయసు కూడా ముప్పై దాటింది.

జవాబు: పసాయిక్ ఒడ్డు

రెండో సగం గారూ, మీరు చదివింది చాలాకాలంగా చెలామణిలో ఉన్న మాటే, కానీ నిజం కాదు. ఆ జట్టులో బ్రిటన్‌లో పుట్టినవాళ్ళు ఆరుగురు. అయిదుగురు స్కాట్లండ్‌వాళ్ళు, ఒకరు ఇంగ్లండ్‌వాడు. వాళ్ళలో అక్కడ వృత్తి లీగులో ఆడినవాడు ఇంగ్లండ్‌లో పుట్టిన జార్జ్ మూర్‌హౌస్ ఒక్కడే, అదీ ట్రాన్‌మియర్ రోవర్స్‌కు రెండు లీగ్ ఆటలు. మిగతావాళ్ళు స్టార్క్‌లాగే ఇక్కడికి వచ్చాక ఆటగాళ్ళైనవారు. పరాగ్వే మీద మూడు గోల్స్ కొట్టిన బెర్ట్ పేటినోడ్ పుట్టిందీ పెరిగిందీ ఫాల్ రివర్‌లో. ప్రపంచ కప్ చరిత్రలో తొలి హ్యాట్రిక్ అతనిదేనని ఫిఫా 2006లో గుర్తించింది. ఆ పేరు దక్కడానికి 76 ఏళ్ళు పట్టింది. జీతమిచ్చి తెచ్చిన జట్టు అనే మాట వీళ్ళ కష్టం మీద ముసుగు కప్పేసింది. అది చదివినప్పుడల్లా నాకు బాధ కలుగుతుంది.

స్టార్క్‌ను వదిలేయలేదు. పిలిచారు, ఆయనే రానన్నాడు. అప్పుడే కార్ల వ్యాపారం మొదలుపెట్టాడు, దాన్ని విడిచి కదలలేకపోయాడు. దెబ్బ లేదు, గొడవ లేదు.

దీన్ని అర్థం చేసుకోవాలంటే ఆ రెండేళ్ళు ఎలా గడిచాయో చూడాలి. 1928లో లీగ్ తన జట్లను జాతీయ కప్‌లో ఆడవద్దని ఆదేశించింది. బెత్లెహేమ్‌తో సహా మూడు జట్లు వినలేదు. లీగ్ వాళ్ళను వెలివేసింది. జాతీయ సంఘం లీగునే వెలివేసి, వెలిపడ్డ జట్లతో వేరే లీగ్ పెట్టించింది. ఏడాదిపాటు కొట్టుకుని 1929 శరదృతువులో రాజీపడేసరికి వాల్‌స్ట్రీట్ కూలింది. ఆ వెంటే మిల్లులకు గడ్డుకాలం. 1930 వసంతంలో బెత్లెహేమ్ స్టీల్ జట్టును మూసేశారు. 1926లో ఫైనల్లో 7–2తో గెలిచి అయిదోసారి జాతీయ కప్ ఎత్తిన జట్టు అది. ఆ ఫైనల్లో మూడు గోల్స్ స్టార్క్‌వే. అలాంటి జట్టు కంపెనీవాళ్ళు వద్దనుకోగానే మాయమైంది.

ఇప్పుడు తేదీలు చూడండి. ప్రపంచ కప్ జట్టు జూన్ 13న హోబోకెన్ రేవు నుంచి ముణార్గో అనే ఓడలో బయలుదేరింది. కెర్నీ నుంచి హోబోకెన్ ఎంతో దూరం కాదు, నేను రోజూ ఆ వైపే రైల్లో పనికి వెళతాను. జూలై 1న మోంటెవిడియో చేరారు. జూలై 26న అర్జెంటీనా చేతిలో 6–1తో ఓడారు. అక్కడితో ఇల్లు చేరలేదు, ఆగస్టు 17న రియోలో బ్రెజిల్‌తో కూడా ఆడారు. అంటే రెండు నెలలకు పైగా. జట్టు మూతపడింది, దేశంలో పనులు పోతున్నాయి, వయసు 32, కొత్తగా పెట్టిన దుకాణం. అలాంటప్పుడు రెండు నెలలు ఓడ ఎక్కమంటే? మా నాన్న 1990ల్లో బొంబాయిలో దొరికిన మంచి కొలువు వదులుకుని, అమ్మ కుట్టుమిషన్ పక్కన చిన్న బట్టల కొట్టు పెట్టుకున్నాడు. ఎందుకు వెళ్ళలేదని ఇంట్లో ఎవరూ అడగలేదు, అందరికీ తెలుసు కాబట్టి. స్టార్క్ నిర్ణయం చదివినప్పుడు నాకు ఆ కొట్టే కళ్ళముందు కదిలింది.

ఆయన దేశం తరఫున ఆడింది మొత్తం రెండే ఆటలు. రెండూ 1925లో, రెండూ కెనడాతో. మాంట్రియల్‌లో 1–0తో ఓడిపోయారు. నవంబరులో బ్రూక్లిన్‌లో 6–1తో గెలిచారు, అందులో సగానికి పైగా గోల్స్ స్టార్క్‌వే. అప్పట్లో అమెరికా జట్టుకు ఏళ్ళతరబడి ఆటలే ఉండేవి కావు. అందుకే ఆ రెండు.

ప్రశ్న అడిగినవారు: గచ్చుమైదానం

ఇంత వివరంగా వస్తుందనుకోలేదు. మీ అందరికీ కృతజ్ఞతలు. పాత రిఫరీ గారు చెప్పిన గడి గీశాం. మా అబ్బాయి ఆ గడిలో స్టార్క్ ఒక్కడికే టిక్కు పెట్టి, మిగతావాళ్ళకు ఖాళీ ఉంచాడు. వాడికి ఇంకో ప్రశ్న ఉంది. ఆయన ఆడిన మైదానం ఇప్పటికీ ఉందా? తర్వాత ఆయన ఏమయ్యాడు?

జవాబు: పసాయిక్ ఒడ్డు

ఉంది. బెత్లెహేమ్‌లో ఉక్కు కర్మాగారం కొలుములు 1995లో ఆరిపోయాయి. ఆ పెద్ద బట్టీలను మాత్రం పడగొట్టకుండా ఉంచారు, నది అవతలినుంచి కూడా కనబడతాయి. జట్టు ఆడిన స్టీల్ ఫీల్డ్ ఇప్పుడు మొరావియన్ విశ్వవిద్యాలయం చేతిలో ఉంది. క్రితం ఏడు మా అమ్మాయితో వెళ్ళాను. అది పరుగెత్తి ఒక గోల్ వైపు నుంచి రెండో వైపుకు వెళ్ళింది, నేను మెట్ల మీద కూర్చుని చూశాను.

 1950లో జాతీయ సాకర్ హాల్ ఆఫ్ ఫేమ్ మొదటిసారి ఎంపిక చేసినవాళ్ళలో స్టార్క్ ఉన్నాడు. 1985 మే నెలలో కెర్నీలోనే కన్నుమూశాడు. 1950 తర్వాత అమెరికా మళ్ళీ ప్రపంచ కప్ ఆడింది 1990లో, అంటే నలభై ఏళ్ళకు. ఆ జట్టులో టోనీ మియోలా, జాన్ హార్క్స్, ట్యాబ్ రామోస్ ముగ్గురూ కెర్నీ వీధుల్లో ఆడుకుంటూ ఎదిగినవారు. హార్క్స్ తల్లిదండ్రులు స్కాట్లండ్ నుంచి వచ్చినవాళ్ళు. రామోస్ మాత్రం ఉరుగ్వే నుంచి వచ్చాడు, పుట్టింది మోంటెవిడియోలో.