అమెరికన్ ర్యాపర్ కెండ్రిక్ లమార్ ఆల్బమ్ ‘జీఎన్ఎక్స్’ నాకు సగమే రుచించింది, మీకెలా అనిపించింది?

నల్లగొండ శ్రోత

ముందస్తు ప్రకటన ఏదీ లేకుండా 2024 నవంబరు 22న విడుదలైన ఈ ఆల్బమ్‌ను ఇప్పటికి పదిసార్లయినా విని ఉంటాను. 12 పాటలు, సుమారు 44 నిమిషాలు. నల్లగొండలో బస్సెక్కి మొదలుపెడితే మిర్యాలగూడ చేరేలోపే అయిపోతుంది. నా ఇబ్బంది నిడివితో కాదు. జాజ్, శాస్త్రీయ సంగీతాలకు వెలుపలి రచనకు పులిట్జర్ సంగీత బహుమతి రావడం 2018లో ఇతని ఆల్బమ్ ‘డామ్’తోనే మొదలైంది కనుక, నేను ఆ స్థాయి కథనాన్ని ఆశించి కూర్చున్నాను. ఇక్కడ సగం పాటల్లో తన గొప్ప చెప్పుకోవడం, శత్రువులను ఎత్తిపొడవడం తప్ప నాకు మరేమీ వినిపించలేదు. లోపం నా వినికిడిలో ఉందా, ఆల్బమ్‌లోనే ఉందా? తీరిగ్గా విన్నవారు చెప్పగలరు.

పాలమూరు నుంచి

మీరు దేనిలో విన్నారో చెప్పలేదు. ఫోన్ స్పీకరులో అయితే ఈ ఆల్బమ్‌లో సగం మీకు చేరనే లేదని అర్థం, ఎందుకంటే ఇందులోని చాలా పాటల్లో రాగం చాలా తక్కువ; అడుగున ఉరిమే బేస్, చప్పట్ల వంటి దెబ్బలు, వాటి మధ్య కావాలని వదిలిన ఖాళీలు మాత్రమే ఉంటాయి. డప్పును మంట దగ్గర కాచకుండా కొడితే ఎలా మొద్దుగా పలుకుతుందో, చిన్న స్పీకరులో ఈ పాటలు అలాగే పలుకుతాయి.

రెండవ విషయం నాకు మరింత ముఖ్యమైనది. ఇది ప్రపంచానికి చెప్పిన కథ కాదు, లాస్ ఏంజెలెస్‌కు, తాను పుట్టిన కాంప్టన్‌కు చెప్పిన మాట. పేరు కూడా 1987లో బ్యూయిక్ సంస్థ కేవలం 547 తయారుచేసిన కారుది. కెండ్రిక్ పుట్టిన సంవత్సరమూ అదే. ‘హే నౌ’లో డోడీసిక్స్, ‘పీకబూ’లో ఏజెడ్ చైక్, ఆల్బమ్ పేరే పెట్టుకున్న పాటలో హిట్టా జే3, యంగ్‌త్రెట్, పేసో పాడారు. బయటి శ్రోతలకు అంతగా తెలియని స్థానిక గొంతులివి. అమ్మకాల కోసమే అయితే పెద్ద పేర్లను పిలిచేవాడు కదా. జాతరలో పేరున్న కథకుడు ఒక అడుగు వెనక్కి వేసి, తన వెంట వచ్చిన కుర్రవాళ్లను కాసేపు ముందు నిలబెట్టినట్లు నాకు అనిపించింది. మీకు గొప్పలుగా వినిపించినదాన్ని నేను ఊరి పౌరుషంగా విన్నాను.

దేవరకొండ

పాలమూరు మిత్రులతో నేను ఏకీభవించలేను. ఊరి మీద మమకారం ఉన్నంత మాత్రాన పలుచని మాటలు చిక్కబడవు. ‘పీకబూ’ ఊపు బాగుంది, అంతకుమించి అందులో ఏమీ లేదు. నన్ను నిలబెట్టింది ‘లూథర్’. లూథర్ వాన్‌డ్రాస్, షెరిల్ లిన్ 1982లో పాడిన యుగళగీతం నుంచి ఒక తునకను తీసుకుని దాని చుట్టూ కట్టిన పాట ఇది. ఆ యుగళగీతం కూడా 1967లో మార్విన్ గే, టామీ టెరెల్ పాడిన పాటకు మరో రూపమే. తోడు పాడిన గాయని సిజా గొంతు ఆ పాత తీపిని చెడగొట్టకుండా కలిసిపోయింది.

నాగర్‌కర్నూల్ పాఠకుడు

నల్లగొండ మిత్రులు కథనం లేదన్నారు కనుక రెండు పాటలను మళ్లీ వినమని కోరుతున్నాను. ‘రీఇన్‌కార్నేటెడ్’లో అతడు తన గత జన్మలను చెబుతాడు: ఒక జన్మలో గిటార్ వాద్యకారుడు, మరో జన్మలో మత్తుకు బలైన గాయని, చివరకు ఈ జన్మలో తండ్రి ఎదుట నిలబడి లెక్క చెప్పుకునే కొడుకు. ఆ తండ్రి ఇంటి తండ్రా, దేవుడా అన్నది వింటున్నకొద్దీ మారిపోతుంది. పాత తరం ర్యాపర్ టూపాక్ పాట బాణీ మీద దీన్ని నడిపాడు. గొంతులోనూ అదే కరుకుదనం తెచ్చుకున్నాడు.

చివరి పాట ‘గ్లోరియా’ మొదటిసారి విన్నప్పుడు చిన్ననాటి ప్రేయసితో సాగిన అలకలు, అనుమానాలు, రాజీల కథ అనుకున్నాను. ఆమె మనిషి కాదు, అతని కలం. పోతన పేరున ప్రచారంలో ఉన్న చాటువులో కన్నీరు పెట్టుకున్న సరస్వతికి నిన్ను అమ్ముకోనని కవి మాట ఇస్తాడు కదా, నాకు వెంటనే అదే గుర్తుకు వచ్చింది. తేడా ఏమిటంటే ఇక్కడ కవి అంత నిష్ఠాపరుడు కాదు. ఆమెతో గొడవపడతాడు, ఆమె అసూయకు భయపడతాడు.

నల్లగొండ శ్రోత

అందరికీ కృతజ్ఞతలు. నిజమే, ఇన్నాళ్లూ ఫోన్‌లోనే విన్నాను. ఆదివారం మా బావ కారులో వేసి విన్నాము. ‘టీవీ ఆఫ్’ సగంలో తాళం మారి, నిర్మాత మస్టర్డ్ పేరును గొంతు చించుకుని పిలిచే చోట, ర్యాప్ అంటేనే గిట్టని మా బావ నవ్వి మళ్లీ మొదటి నుంచి వేయమన్నారు. ‘గ్లోరియా’లో కలం సంగతి నాకు అసలు తట్టలేదు, మొదటి పాటలోనూ ‘రీఇన్‌కార్నేటెడ్’లోనూ వినిపించిన గాయని డేరా బరేరా స్పానిష్ గొంతు ఇక్కడ మళ్లీ ఎందుకు వచ్చిందో ఇప్పుడు ఆలోచిస్తున్నాను. ‘పీకబూ’ విషయంలో మాత్రం దేవరకొండ వారి మాటే నా మాట.