మూడు బీచ్‌లలో ఏది? అమ్మకి మోకాళ్ల నొప్పి, చిన్నాడికి నీళ్ల పిచ్చి

ప్రశ్న (ఇద్దరుపిల్లల‌తల్లి):
వచ్చే నెల సముద్రం ఒడ్డునున్న ఒక చిన్న ఊళ్లో 4 రోజులు ఉండబోతున్నాం. మా ఆయన, నేను, 11 ఏళ్ల పాప, 5 ఏళ్ల బాబు, 68 ఏళ్ల మా అమ్మ. అక్కడ బీచ్‌లు మూడు. ఒకటి ఊరి ముందే ఉంది, లైఫ్‌గార్డులుంటారు కానీ జనం కిటకిట. రెండోది కొండ అవతల, చంద్రవంకలా ఉంటుంది, 70 మెట్లు దిగాలి. మూడోది ఏరు సముద్రంలో కలిసే చోట. మనుషులుండరు, ఫొటోల్లో నీళ్లు కదలకుండా ఉన్నాయి. మా ఆయనకి రెండోది కావాలి. నాకేమో మూడోదాని మీద మనసు పోయింది, పిల్లలకి అదే మంచిది కదా?

జవాబు (ఉప్పుగాలి):
జనం లేరంటే ఎందుకు లేరో ఆలోచించారా అమ్మా?

పదేళ్ల కిందట నేనూ అలా ఏరు సముద్రంలో కలిసే మొగ దగ్గరే దిగాను. నడుం లోతే. ఆటు మొదలై ఏటి నీళ్లు వెనక్కి లాగుతున్న సంగతి నాకు తెలియదు. ఒడ్డు మీద పెట్టిన నా చెప్పులు చూస్తుండగానే చిన్నవైపోయాయి. ఎదురీది ఎదురీది చేతులు పడిపోయాక, ఇంకేం చేయలేక వెల్లకిలా తేలాను. కాసేపటికి ప్రవాహం నెమ్మదించింది, అప్పుడు పక్కకి ఈది ఇసుక దిబ్బ పట్టుకున్నాను. అది ఈత కాదు, అదృష్టం. ఒడ్డు నుంచి లోపలికి లాగే ఇలాంటి ప్రవాహాలు సెకనుకు 2 మీటర్లు దాటగలవు. ఒలింపిక్ ఈతగాడైనా దానికి ఎదురు వెళ్లలేడు.

ఇంకో సంగతి. మామూలు బీచ్‌లో కూడా రెండు పక్కలా తెల్లగా కెరటాలు విరుగుతూ మధ్యలో ఒక సందు మాత్రం నున్నగా కనిపిస్తే, అదే రిప్ కరెంట్, అంటే ఒడ్డు నుంచి లోపలికి లాగే ప్రవాహం, దారి కావచ్చు. పిల్లల్ని సరిగ్గా అక్కడే దింపుతాం, అలలు లేవు కదా అని!

జవాబు (ఇసుకగూడు):
పైవారి మాట నిజమే, కానీ రెండోదాన్ని మాత్రం వెంటనే కొట్టేయకండి. వెళ్లి ఇసుక చేతిలోకి తీసుకోండి. పిండిలా మెత్తగా ఉంటే ఒడ్డు మామూలుగా ఏటవాలు తక్కువ, చాలా దూరం మోకాలి లోతే. గరుకుగా, రవ్వలా ఉంటే ఒడ్డు నిటారుగా దిగుతుంది, కెరటం ఒడ్డు దగ్గరే మీద పడి తలకిందులు చేస్తుంది. మెడ దెబ్బలు అలాగే తగులుతాయి. చంద్రవంక కొసల్లో, రాళ్ల పక్కన కూడా లోపలికి లాగే ప్రవాహం ఉండొచ్చు, అటు పోనివ్వకండి. ఆటుపోట్ల వేళలు ముందే చూసుకోండి. పోటు మీదున్నప్పుడు ఇలాంటి చోట్ల ఇసుకే మిగలకపోవచ్చు, అమావాస్యకీ పున్నమికీ మరీను.

ఇద్దరుపిల్లల‌తల్లి:
చెప్పుల సంగతి చదివి చెయ్యి వణికింది. మూడోది కొట్టేశాను. కానీ రెండోదానికి మా అమ్మ దిగినా ఎక్కలేదు. ఆవిడని పైన వదిలేసి మేం కింద ఆడుకోవడం నా వల్ల కాదు.

ఉప్పుగాలి:
మరింకేం, ఊరి ముందుదే. పొద్దున్నే వెళ్లండి, జనమూ తక్కువ, గాలీ తక్కువ. మధ్యాహ్నానికి నేల వేడెక్కి సముద్రం మీంచి గాలి లేస్తుంది, నీళ్లు రేగుతాయి. ఎరుపు, పసుపు కలిసిన జెండాలు రెండు పాతి ఉంటే వాటి మధ్యే దిగాలి, లైఫ్‌గార్డు చూసేది అక్కడే. ఎర్ర జెండా ఒక్కటే ఎగురుతుంటే ఆ రోజు ఇసుకలో గూళ్లు కట్టుకోండి. వాన పడిన మర్నాడు కూడా అంతే, కాలవల మురికంతా సముద్రంలోకే వస్తుంది. మీ ఆయన ఒక్కరూ ఓ పూట కొండ అవతలికి వెళ్లొస్తారు, పంపండి. నీళ్లలోకి మాత్రం ఒంటరిగా దిగొద్దని చెప్పండి.

ఇద్దరుపిల్లల‌తల్లి:
సరే అండీ. బాబుకి గాలి నింపే బాతు ఒకటి కొన్నాం, దాని మీద కూర్చోబెట్టొచ్చా?

ఇసుకగూడు:
గాలి నేల మీంచి సముద్రం వైపు వీస్తుంటే అసలొద్దు. అలలు అణిగి నీళ్లు బుద్ధిగా కనిపిస్తాయి, బాతు మాత్రం మీరు పరుగెత్తినా అందదు. దాన్ని గదిలోనే ఉంచండి.